డిస్కుల పెట్టెకు కుంకుమబొట్లు

కంబదూరులో మా బామ్మర్ది ఫోటో స్టూడియోకు ఎడిటింగు పని నాది. అక్కడ నాలుగు హార్డ్ డిస్కులున్న పెట్టె ఒకటి ఉండేది. మండలంలో జరిగిన ప్రతి పెళ్ళీ, పెళ్ళిపంక్తిలో జరిగిన ప్రతి తన్నులాటా దాని కడుపులోనే. పాడె మోసే నలుగురిలో ఒకడు కూలబడినా మిగతా ముగ్గురు ఎట్లాగో కాటికి చేరుస్తారు కదా, ఆ పెట్టె లెక్కా అదే. ఒక డిస్కు చస్తే తక్కిన మూడూ కలిసి దాని వంతు కూడా చెబుతాయి. రెండోది కూడా పోయిందా, శవం నడిరోడ్డు మీదే. చచ్చినదాని దగ్గర ఎర్రదీపం వెలుగుతుంది, బతికినదాని దగ్గర పచ్చదీపం.

ఆయుధపూజ నాడు మా వాడు కెమెరాలకూ స్కూటరుకూ, చివరికి దోమల బ్యాటుకూ బొట్టు పెట్టాడు. పెట్టెకు నొసలు ఎక్కడుందో తెలియక నాలుగు దీపాల మీదా అప్పడాలంత కుంకుమబొట్లు అద్దాడు. గాలి పోయే కన్నాలకు బంతిపూల దండ కట్టాడు. ఆ వేడికి లోపల జొన్నరొట్టెలు కాల్చుకోవచ్చు.

కొన్నాళ్ళకు పెట్టె కీమని అరిచింది. ఒక డిస్కు పోయిందన్నమాట. నేనొచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పి, కొత్తది తేవడానికి అనంతపురం బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి స్టూడియోలో యుద్ధం. పెళ్ళి వీడియో కోసం వచ్చిన గొర్రెల కాపరులు, ముగ్గురన్నదమ్ములు. చెల్లెలి పెళ్ళయిన వారానికే వాళ్ళ నాయన పోయాడు. ఆయనకు ఫోటో అంటే ఒంటికి కారం పూసినట్టు. ఆధార్ కార్డులోనూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. కళ్ళు తెరిచిన నాయన లోకం మొత్తమ్మీద ఆ పెళ్ళి వీడియోలోనే ఉన్నాడు.

"మా నాయన యాడప్పా?" అని పెద్దవాడు మా వాడి కాలరు పట్టుకుని గోడకేసి కొడుతున్నాడు. నడిపివాడు ట్రైపాడును చెరుకుగడలా విరిచాడు. చిన్నవాడు లైటు గొడుగులను చీల్చి పోగులు పెట్టాడు. మా వాడి ముక్కు నుంచి రక్తం, మా కాలువలో నీళ్ళు ఎన్నడూ పారనంత ధారాళంగా పారుతోంది.

"నాలుగూ ఎర్రగా ఉండాయి బావా. అరుపు ఆగల్లని మొదటిది పీకినా. తెర నల్లగయిపోయె."

"కుంకుమ పెట్టినోనివి నువ్వే గదరా, తుడిచి చూడొద్దూ?"

"పూజ చేసిన బొట్టు ఎట్ల తుడుస్తారు బావా?"

పెద్దవాడి కర్ర నా చెవి పక్కగా వెళ్ళి గోడలో గుంత తవ్వింది. మూడు మూటల సిమెంటు పట్టేంత గుంత. "మా నాయనను సంపుతిరి గదప్పా, రెండోసారి."

"అన్నా, నన్ను తర్వాత చంపుదువు. ముందు ఆయన్ను బతికించనీ."

మా వాడి చొక్కా అంచుతోనే బొట్లు తుడిచాను. మూడోదాని దగ్గర ఎర్రదీపం. వాడు పీకింది బాగున్నదాన్ని. పెట్టె ఆపి, పీకినదాన్ని దాని చోటే తోసి, మళ్ళీ స్విచ్చు వేశాను. పెట్టె కాసేపు గురకపెట్టి, ఆ డిస్కును తనదేనని ఒప్పుకుంది.

కొత్తది వెంటనే బిగించలేదు. బిగిస్తే దాన్ని నింపడానికి పాత మూడూ రోజంతా ఒళ్ళు విరుచుకోవాలి. ఆ బరువుకు ఇంకొకటి పోతే అంతే. ముందు ఆ పెళ్ళి వీడియో ఒక్కదాన్ని బయటికి లాగుదామన్నాను. ఏమనుకున్నాడో, పెద్దవాడు బంతిపూల దండ తెంపి పారేసి, కర్ర మూలన పెట్టి, తుండుగుడ్డతో పెట్టెకు విసరసాగాడు.

తెర వెలిగింది. భోజనాల పంక్తి. ఎర్ర తలపాగా ముసలాయన కళ్ళు ఇంతింత చేసుకుని వచ్చి, వియ్యంకుల ఆకుల్లోకి ఎముకలే వడ్డిస్తున్న పెద్దకొడుకు చెంప ఛెళ్ళుమనిపించాడు. కెమెరా కూడా అదిరింది.

పెద్దవాడు విసరడం ఆపి చెంప తడుముకున్నాడు.

"ఇంగోసారి ఎయ్యప్పా."

వేశాను. మళ్ళీ ఛెళ్ళుమంది. నడిపివాడు విరిగిన ట్రైపాడు మీదే చతికిలబడ్డాడు. చిన్నవాడు గొడుగు చువ్వ వదిలేసి ముందుకు జరిగాడు.

"అన్నా, నన్ను కొట్టింది గూడా యాడన్నా ఉండాదేమో సూడు."