మైకు మామయ్య, వైలెషా

శుక్రవారం పొద్దున పక్కింటి మామయ్య పోయారు. వాళ్ళమ్మాయి మా గుమ్మంలో నిలబడి ఏడుస్తూ ఆ కబురు చెబుతుంటే, నా నోటికి ముందుగా వచ్చిన మాట "అయ్యో, ఆదివారం చెప్తానన్నారే" అని. నేనేమంటున్నానో ఆ పిల్లకు అర్థం కాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. మనిషి పోయిన కబురు వింటూ కూడా తన పని గురించి కంగారుపడే రకాన్ని నేను.

మామయ్య అంటే చుట్టరికమేమీ లేదు. గోడకు అటు వాళ్ళు, ఇటు మేము. ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పిన మనిషి. మాచర్ల, గురజాల, కారంపూడి అన్న పేర్లు వినగానే ఆయన గొంతే గుర్తొచ్చేవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. రిటైరయ్యాక కూడా అందరికీ ఆయన మైకు మామయ్యే.

నేను నవలలు చదివి రికార్డు చేస్తాను, ఫోన్లలో వినేవాళ్ళ కోసం. నా స్టూడియో అంటే పడగ్గదిలో మామయ్యవాళ్ళ వైపు గోడలోకి కట్టిన పెద్ద బట్టల అలమర, చుట్టూ నాలుగు బొంతలు. నిరుడు ఒక నవలలో ఒకే మనిషి పేరును మూడు రకాలుగా చదివానని కంపెనీ వాళ్ళు మొత్తం వెనక్కి పంపారు. ఇంకోసారి ఇలాగైతే పని ఉండదని మర్యాదగానే చెప్పారు. అప్పట్నుంచి కథలో వింత పేరు కనబడితే చాలు, నాకు భయం.

ఈసారి వచ్చింది ఎక్కడో మంచు దీవుల కథ, అనువాదం. అందులో కథానాయికను ఒక అధ్యాయంలో వైలెషా అని, ఇంకో అధ్యాయంలో వ్యూలెష్ అని రాసి ఉంది. అడుగుదామంటే రాసినావిడ ఇప్పుడు లేదు. అనువాదం చేసినాయన "ఏదైనా ఒకటేలెండి" అని ఫోన్ పెట్టేశాడు. ఒకటే అయితే నాకు అన్నం ఎందుకు సహించదు? మొదటి అధ్యాయం వచ్చే వారం బుధవారానికి పంపాలి. పుస్తకం పట్టుకుని మామయ్య దగ్గరికి పరిగెత్తాను.

"ఏందమ్మాయ్, బస్సు తప్పిపోయినట్టు ఆ మొహం?" అన్నారు.

సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ఈ పిల్లకి అమ్మ ఉందా?" అని అడిగారు.

"కథలోనా? ఉంది మామయ్యా."

"అమ్మ కోపంలో ఎట్టా పిలుచుద్దో, అన్నానికి ఎట్టా పిలుచుద్దో చూడు. దూరాన ఉన్న మనిషి తిరిగి చూసేట్టు పిలవగలగాలి. అప్పటిదాకా అది కాగితం మీద అక్షరాలే."

ఇది ఆయనకు ఊరికే వచ్చిన తెలివి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివేవారట. కారంపూడి అవతల ఒక చిన్న పల్లె ఉంది. కాగితం మీద దాని పేరు చాంతాడంత ఉంటుంది, అక్కడివాళ్ళు అందులో సగమే అంటారు. ఒక ముసలామె, ఆయన చదివింది తన ఊరేనని తెలియక బెంచీ మీదే కూర్చుండిపోయింది. ఆ పల్లెకు అదే ఆఖరి బస్సు. మామయ్య డ్యూటీ దిగి, ఆమెను ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టించారు. "నా ఊరి పేరు నాకే తెలీకుండా చదివావు గదయ్యా" అందట ఆమె తింటూ. ఆ తర్వాత ఏ కొత్త ఊరి పేరు వచ్చినా, ఆ ఊరి మనిషిని వెతికి పట్టుకుని, టీ ఇప్పించి, మూడుసార్లు చెప్పించుకుని గాని మైకు ముట్టుకునేవారు కాదు.

"మంచు దీవి మనిషిని నేనెక్కణ్ణించి తేను? పుస్తకం ఉంచిపో. వచ్చే ఆదివారం చెప్తా" అన్నారు.

నేను ఆగితేనా? రోజుకు రెండుసార్లు వెళ్ళి తొంగిచూసేదాన్ని. "అప్పుడే వచ్చావా? నేనింకా మూడో అధ్యాయంలోనే ఉన్నా, పో" అని తరిమేవారు. బుధవారం మాత్రం కూర్చోబెట్టి, "భయపడేవాళ్ళే జాగ్రత్తగా పలుకుతారమ్మాయ్. నాకూ ఆ ముప్పై ఏళ్ళూ మైకు నొక్కేముందు గుండె దడదడలాడేది" అన్నారు. ఆ మాట నాకెంత ఆసరా అయిందో ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

సోమవారం పక్కింటికి వెళ్ళి, మామయ్య భార్య అత్తయ్య దగ్గర కూర్చున్నాను. పేరు సంగతి ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుని మరీ వెళ్ళాను. ఆమే పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఏమే, ఎవరే ఆ పిల్ల? పోయేదాకా మీ మామ నన్ను నా పేరుతో పిలవలా. టీ కావాలన్నా ఆ పేరే, కళ్ళజోడు కనపడకపోయినా ఆ పేరే. రోజుకో తీరుగా పిలిచేవాడు, నేను పలకలా. గురువారం ఇంకో తీరుగా పిలిచాడు. పొయ్యి కాడ ఉన్నదాన్ని, నాకు తెలీకుండానే వస్తన్నా అన్నా. ఇంక ఇదేనే అని చానా సంబరపడ్డాడు."

పెట్టుకున్న ఒట్టు నిలవలేదు. చివరికి, "ఎట్టా పిలిచారత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య వంటింటి వైపు తిరిగి, "వైలెషా..." అంది. చివర్న కాస్త సాగదీసి, కొంచెం పైకెత్తి, అచ్చం ఆయన మాచర్ల బస్సును పిలిచినట్టే. ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మంగళవారం మధ్యాహ్నం అలమరలో కూర్చున్నాను. మొదటి పేజీలోనే తల్లి ఒడ్డున నిలబడి కూతుర్ని అన్నానికి పిలుస్తుంది. నా భయం ఎక్కడికీ పోలేదు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని గొంతెత్తి పిలిచాను.

"వైలెషా..."

గోడ అవతల, మధ్యాహ్నం కునుకులో ఉన్న అత్తయ్య పలికింది.

"ఆఁ, వస్తన్నా."