వన్‌పెన్ బల్ల మీది జేగంట

ఉబోన్ పట్నం దగ్గర మా జిల్లా ఆసుపత్రి మందుల గదిలో వన్‌పెన్ అక్క పక్కన పదకొండేళ్లు పనిచేశాను. ఆపరేషన్ గాయం చీము పడితే ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అని సర్జన్లు ఆమెనే అడిగేవారు. ఆమె బల్ల మీద చిన్న కొయ్య చట్రానికి అరచేయంత జేగంట ఒకటి వేలాడేది. బయట లారీ వెళ్తే చాలు, సన్నగా మూలిగేది. ఎంత పనిలో ఉన్నా అక్క తలెత్తి చూసేది. నాకు ఒళ్లు మండేది.

"దాన్ని గుడ్డలో చుట్టి అవతల పడెయ్యరాదూ?"

"ఉండనీలే. నీకేం అడ్డం?" అనేది.

అది ఖంఫాయ్ అనే పాత రోగి చేసిచ్చింది. జేగంటల్ని సుత్తితో తడుతూ, చెవితో విని శ్రుతి చేయడం అతని పని. పేగు ఆపరేషన్ తర్వాత కడుపులో చీము పట్టి, మనిషి దక్కేలా లేకపోతే అక్క ఘాటైన ఇంజెక్షన్ రాయించింది. బతికాడు. పన్నెండో రోజున భార్య ఎంత అరిచినా పలకలేదు. ఆ మందు చెవుల్ని తినేస్తుందని అక్కకు తెలుసు. అతని పనేమిటో మాత్రం తెలియదు.

ఆ ఏడే ఈ గంట చేసి తెచ్చాడు. తర్వాత కూడా ఏటా వచ్చి దాన్ని మోగించి, "పలుకుతోందా తల్లీ?" అని అడిగేవాడు. శ్రుతి ఎప్పుడో తప్పిన గంట అది. అక్క నవ్వుముఖం పెట్టి తల ఊపేది. "మా ఆవిడ తిట్లు వినపడట్లేదు, ఇంతకన్నా సుఖమేముంది!" అని వెళ్లిపోయేవాడు. ఆ పూట అక్క అన్నం ముట్టేది కాదు.

అప్పటినుంచి ప్రతి రోగినీ ముందు "ఏం పని చేస్తావు?" అని అడిగేది. కేవ్తా అనే రోగినీ అలాగే అడిగింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, జాతరల్లో మోలం అనే పల్లె పాటలు పాడేది. అపెండిక్స్ పగిలి ఆపరేషనైంది, చీము పట్టింది. ఆ చీములోని క్రిమి మీద పనిచేసేవి ల్యాబ్ కాగితంలో రెండు మందులే మిగిలాయి. ఒకటి ఆ ఘాటుది, ఖాయంగా పనిచేసేది. రెండోది మెత్తనిది, చేస్తే చేస్తుంది.

"మెత్తనిదే ఇద్దాం," అంది అక్క.

"జ్వరం చూశావా అక్కా?"

"చూశానే. చెవులు పోతే ఆ పిల్ల ఎలా పాడుతుంది?"

నేనూ సరేనన్నాను. రెండు రోజులు చూసి, మూడోనాడు పొద్దున ఘాటు మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి కేవ్తా పోయింది.

ఆ తర్వాత గంట మూలిగినప్పుడల్లా అక్క నా చెయ్యి పట్టుకునేది. "విన్నావా? పాడుతోంది," అనేది. వట్టిదే అని కసురుకునేదాన్ని. నాకూ వినిపించేదని ఆమెకు చెప్పలేదు. భయమేసింది.

ఆ ఏడు ఖంఫాయ్ వస్తే అక్క కాగితం మీద రాసి చూపించింది: "చెవులా ప్రాణమా అని ఆరోజు నిన్నడిగితే ఏమనేవాడివి మావయ్యా?"

వేలు పెట్టి చదివాడు. "ప్రాణమే అందును. నన్నెవరడిగారు?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అక్క ముఖం చూసి, "ఎందుకు తల్లీ, ఏమైంది?" అన్నాడు.

కేవ్తా సంగతంతా రాసింది.

చెవిటి గొంతు, అదుపుండదు. "మరి ఆ పిల్లని అడిగావా?" అన్నాడు. మందుల వరసలో నిలబడ్డ వాళ్లంతా ఇటు తిరిగారు.

ఆ రెండు రోజులూ కేవ్తా తెలివిలోనే ఉంది. మంచినీళ్లడిగింది, ఫోను ఛార్జరు ఇప్పించమని నన్నడిగింది. ఏం పని చేస్తావని తప్ప మేమే ఆమెను ఇంకేమీ అడగలేదు.