చంద్రకళక్క మెస్సులో ‘అన్‌లిమిటెడ్’

మిర్యాలగూడ బస్టాండు వెనక మెస్సు నడిపే చంద్రకళక్క ముందు ఏ మాటైనా అనొచ్చు గానీ, ‘అన్‌లిమిటెడ్’ అని మాత్రం ఊరికే అనకూడదు. అంటే నిరూపించేదాకా వదలదు. ఆమె బోర్డు మీద ‘అన్‌లిమిటెడ్ భోజనం’ అని ఉంటుంది. రైస్‌మిల్లు హమాలీలు అన్నం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా వడ్డిస్తుంది. నేను రోజూ అక్కడే తింటాను. ఆ మాట బరువు నా పొట్టను చూస్తే తెలుస్తుంది.

ఓసారి కోదాడలో చీరల దుకాణం ముందు ‘అన్‌లిమిటెడ్ ఆఫర్’ అన్న బ్యానర్ చూసి లోపలికి పోయింది.

“ఎన్ని రోజులుంటది?”

“స్టాకున్నంత వరకేనండి.”

“అంటే లిమిట్ ఉన్నట్టే గద. ఆ మాట మీద కాగితం అంటియ్యి.”

అంటించేదాకా కుర్చీలోంచి లేవలేదు. చీర కూడా కొనలేదు.

అట్లాంటి మనిషి మెస్సుకు ఒక కంపెనీ అన్‌లిమిటెడ్ ఇంటర్నెట్ అంటగట్టింది. సగం నెల గడిచేసరికి వీడియోలు ఆగిపోయి, తెర మీద సున్నా గిరగిరా తిరగసాగింది. అక్క కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది.

“మీ డేటా అన్‌లిమిటెడే మేడమ్. లిమిట్ దాటాక స్పీడ్ మాత్రం తగ్గుతుంది,” అంది అవతలి అమ్మాయి.

“లిమిట్ లేనిదాన్ని దాటుడేంది, తల్లీ?”

లైను కట్టయింది.

అక్క మెస్సుకు తాళమేసి, నన్ను వెంటబెట్టుకుని సూర్యాపేట ఆఫీసుకు పోయింది. మేనేజరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న షరతులు చూపించాడు. వాడకం ఎక్కువైతే స్పీడ్ తగ్గిస్తారట. రద్దీ వేళల్లో వీడియోలను వాళ్లే నెమ్మది చేస్తారట.

“మంచిది. గివి కూడ అన్‌లిమిటెడ్ అన్నంత పెద్దగ రాయించు సారూ,” అంది అక్క.

ఆమెను పంపించే దారి కనబడక, లైను చూసి రమ్మని మేనేజరు కార్తీక్ అనే కోదాడ కుర్రాణ్ని పురమాయించాడు. అతను భోజనాల వేళకొచ్చి స్పీడ్ టెస్ట్ పెట్టాడు. అంకె రయ్యిన లేచింది. వీడియో పెడితే మళ్లీ సున్నా.

“పరీక్షకు ఉరుకుతది, పనికి కుంటుతదా?” అంది అక్క. “సరే, కూసో. తిను.”

మొదటి విడత బాగానే వడ్డించింది. కార్తీక్ మారు అన్నం అడిగాడు. స్పూనుతో నాలుగు మెతుకులు పడ్డాయి.

“అక్కా, అన్నం?”

“వస్తది. అన్‌లిమిటెడే. స్పీడే తగ్గింది.”

“పప్పన్నా వెయ్యండి.”

“రద్దీ టైంల పప్పు నెమ్మదిగొస్తది. షరతులల్ల ఉన్నది.”

మెస్సంతా నవ్వింది. కార్తీక్‌కు ఉక్రోషం వచ్చింది. “మీ చేతిలో ఉన్నది బటన్ ఫోను. అసలు ఇంత డేటా ఎవరు వాడుతున్నారక్కా?”

అక్క కిటికీ పక్కన మూల బల్ల వైపు చూసింది. అక్కడ జమ్లీ కూర్చుని ఉంది. సాగర్ దగ్గరి తండా పిల్ల, స్టాఫ్ నర్సు పరీక్షకు చదువుతోంది. నీళ్ల జగ్గుకు ఆనించిన ఆమె ఫోన్‌లో పాఠం చెప్పే సారు నోరు తెరుచుకుని బొమ్మలా ఆగిపోయి ఉన్నాడు.

“ఆ పిల్ల హాస్టల్ల సిగ్నల్ రాదు. మన నెట్టు అన్‌లిమిటెడ్, ఎంతన్న సదువుకో బిడ్డా అని మాటిచ్చిన,” అంది అక్క. “పరీక్ష దగ్గరికొచ్చింది. మీరు నన్ను అబద్ధాలదాన్ని చేసిండ్రు.”

అంటూనే గిన్నె వంచి కార్తీక్ కంచం నిండా అన్నం, పప్పు కుమ్మరించింది. అతను తల వంచుకుని కలుపుకున్నాడు.

“ఆఫీసులకిచ్చే లైనొకటుందక్కా. దానికి లిమిట్ లేదు, వీడియోలు కూడా ఆపరు. అడిగినవాళ్లకే చెప్తాం.”

“ఇన్నొద్దుల సంది నేనేం అడుగుతున్న మరి?”

కార్తీక్ చెయ్యి కడుక్కుని సూర్యాపేట పోయి, మేనేజరుతో వాదించి, అదే కిరాయికి ఆ లైను వేయించాడు.

లైను వచ్చిన రోజు మధ్యాహ్నం జమ్లీ లైవ్ క్లాసు ఎక్కడా ఆగకుండా నడిచింది. చివర్లో సారు, “ఎవరికైనా డౌటుందా?” అన్నాడు. అక్క జమ్లీ భుజం మీదుగా ఫోన్‌లోకి వంగింది.

“సారూ, మీరు అన్నం తిన్నరా?”

జమ్లీ మొహం దాచుకుంది. క్లాసులో పిల్లలంతా నవ్వారు.

“ఇంకా లేదమ్మా. వరసగా క్లాసులే,” అన్నాడు సారు.

అక్క కళ్లు ఎర్రబడ్డాయి.

“ఈ క్లాసులు నడిపేదేం కంపెనీ, జమ్లీ? నంబరియ్యి, నేను మాట్లాడత.”