పరుపుల మేస్త్రి నోటి మహిమ

పరుపుల మేస్త్రి కుట్టిన పరుపు మీద పడుకున్నవాళ్ళు ఆయన్ని మెచ్చుకుంటారు. ఆయన పాట విన్నవాళ్ళు మాత్రం ఆయన కనబడితే పక్క సందులోకి తప్పుకుంటారు.

జాతీయ ఫుట్‌బాల్ జట్టు పెద్ద పోటీకి వెళ్ళిందంటే చాలు, మేస్త్రికి పూనకం వచ్చేది. ఇంటిని ఆనుకున్న దుకాణం వెనకగదిలో నిలబెట్టిన పరుపుల మధ్యకు ఫోను పట్టుకుని దూరేవాడు. అక్కడికి బయటి చప్పుడు రాదు. దూది కొట్టే కర్రతో దరువేస్తూ పాడి, రికార్డు చేసి వీధి మొత్తానికి పంపేవాడు.

"కొట్టరా కొట్టరా గోలు కొట్టరా, వాళ్ళ వలకి చిల్లు పెట్టరా!"

ఇప్పటికి మూడు పోటీలు, మూడు పాటలు. మూడుసార్లూ మన జట్టు మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది.

నాలుగో పోటీ ముందు ఎదుటి సెలూనాయన కత్తెర చేత్తో పట్టుకునే వచ్చాడు. "బావగారూ, మీకో దండం. ఈసారి నోరు విప్పకండి. మీ పాట వల్లే పోతున్నాం."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళుగా ఈ వీధి నడుములు కాపాడిన మనిషిని పట్టుకుని ఇంత మాటంటారా! అయినా కొత్త పరుపు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు.

మొదటి ఆట ఆదివారం మధ్యాహ్నం. వీధంతా సెలూన్లో టీవీ ముందు చేరింది. మేస్త్రి ఉక్రోషం కొద్దీ ఇంట్లోనే భార్యతో కూర్చుని చూశాడు. ఆట ముగియడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయనగా చెరొక గోలుతో సమానంగా ఉన్నారు. ఇక ఆయన వల్ల కాలేదు. "సూది ఎక్కడో పెట్టాను" అని గొణిగి వెనకగదిలోకి వెళ్ళాడు. పరుపుల మధ్య దూరి, మూతి దూదిలో కుక్కుకుని, ఒక్కటంటే ఒక్క చరణం పాడుకున్నాడు. బయటికొచ్చేసరికి బంతి మన వలలో ఉంది.

చేతులారా జట్టుని ముంచానని మేస్త్రికి నిజంగానే ఏడుపొచ్చింది. అంతలో తలుపు చప్పుడైంది. సెలూనాయన, వెనకాల పదిమంది.

"క్షమించండి బావగారూ. పాట లేకపోయినా ఓడిపోయాం. ఇన్నాళ్ళూ మిమ్మల్ని అన్యాయంగా ఆడిపోసుకున్నాం. బుధవారం ఆట గెలిస్తేనే నిలుస్తాం. మంచి పాట కట్టండి, ఎవరాపుతారో చూస్తాను."

మేస్త్రి నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. భార్య ముందుకొచ్చి ఆయన మీసానికంటిన దూది దులిపింది. "పాపం, ఈయన నోరే విప్పలేదు అన్నయ్యా. సూది వెతుక్కుంటున్నారు."

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి నీరుగారిపోయి కూలబడ్డాడు. "నువ్వు విన్నావన్నమాట."

"గుమ్మం దాకా వచ్చి చరణం మొత్తం విన్నాను."

"పాడితే జట్టు పోతుంది. పాడకపోతే ఎందుకని నిలదీస్తారు. నేనేం చెయ్యను?"

"పాడమన్నారు గానీ ఎవరి తరఫున పాడాలో చెప్పలేదుగా" అంది ఆవిడ, టీవీ కట్టేస్తూ.

మేస్త్రికి కోపం రావలసింది. కానీ కళ్ళు తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"బుధవారం వాళ్ళ గోల్‌కీపరు పేరేంటే?"