అరవై మెట్ల పైన బస

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది! నిన్న ఉదయం ఏడు దాటిన కాసేపటికి. తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల మూడు కిలోల పైనే ఉంది, తల నిండా జుట్టు! ఈ ముక్క ముందు రాయకపోతే నా చెయ్యి ముందుకు సాగదు, ఏమీ అనుకోకండి. ఎందుకంటే నేను ఈ కాగితం ముందు పెట్టుకున్నది వేరే మాట రాయడానికి. మా పక్కింటి డాక్టరమ్మ గారు పోయారు. మనవరాలు పుట్టడానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు, నిద్రలోనే పోయారు. రోజూలాగే మా ఆవిడ పొద్దున్నే ఇడ్లీ గిన్నె పట్టుకుని వెళ్తే తలుపు తియ్యలేదు. బెల్లు కొట్టి కొట్టి వెనక్కి వచ్చి, "ఏమండీ, ఒకసారి రండి" అంది. ఆ గొంతు వినగానే నాకు అర్థమైపోయింది.

షికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఆవిడ తెలియనివాళ్లు తక్కువ. బాపట్ల దగ్గర పుట్టి, వైద్యం చదివి, పెళ్లయిన ఏడాదికే భర్తతో కలిసి షికాగో వచ్చారు. మత్తు డాక్టరు. ముప్పై ఏళ్లకు పైగా ఆపరేషను గదుల్లోనే గడిపారు. పిల్లల్లేరు. భర్త పోయి చాలాకాలమైంది. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణి, అన్నవరం కొండ కింద ఒక సత్రంలో ముప్పై రెండేళ్లు గదుల తాళాలిచ్చినవాణ్ణి. అయినా మేము అమ్మాయి దగ్గరికి వచ్చి చేరిన మొదటి రోజు నుంచీ ఆవిడ నన్ను "అన్నయ్యగారూ" అనే పిలిచారు. నా సత్రం కబుర్లు నేను చెప్పినన్నిసార్లూ విన్నారు. చెప్పిందే చెబుతున్నానని మా ఆవిడ కళ్లతో సైగ చేసినా ఆవిడ మాత్రం "ఊఁ, తర్వాత?" అనేవారు.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. తెలిసినవాళ్లు ఎవరు ఎక్కడికి ప్రయాణమైనా బస ఆవిడే చూసిపెట్టేవారు. ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతున్న రోజుల్లో కూడా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవారు. భోజనాల బల్ల మీద ఆ ఊరి పటం పరిచేవారు. చూడవలసిన చోటల్లా ఒక శనగబద్ద, దిగడానికి వీలున్న చోటల్లా ఒక కందిబద్ద పెట్టేవారు. కుట్టుదారంతో శనగబద్ద నుంచి కందిబద్దకు కొలిచేవారు. "పటం దూరం చెబుతుంది కానీ ఎత్తు చెప్పదు అన్నయ్యగారూ" అని, ఫోను తీసి నేరుగా ఆ ఇంటివాళ్లకే చేసేవారు. కారు ఎందాకా వస్తుంది, మెట్లెన్ని, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, పొద్దున్నే పాలు ఎక్కడ దొరుకుతాయి, ఇవీ ఆవిడ ప్రశ్నలు. రేటు అన్నిటికంటే చివర అడిగేవారు. వెళ్లే మనిషిని మాత్రం మొదటే అడిగేవారు: "మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

ఇంత చేసినందుకు ఆవిడ పుచ్చుకున్నది ఒక్కటే. దిగిన గది కిటికీలోంచి తీసిన ఫోటో. అందులో మనుషులు ఉండకూడదు. "మీ మొహాలు నాకు తెలుసు కదా, మీరేం చూశారో అది కావాలి" అనేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చెప్పడానికి కొంచెం బిడియంగా ఉంది కానీ మా అమ్మాయే రాయమంది.

రెండేళ్ల కిందట మా అమ్మాయి కాపురం తెగే దాకా వచ్చింది. అమ్మాయి ఉద్యోగం ఇక్కడ, అల్లుడి ఉద్యోగం సియాటిల్ పక్క రెడ్‌మండ్‌లో. మొదట్లో నెలకు రెండుసార్లు వచ్చేవాడు, తర్వాత ఒకసారి, తర్వాత పండక్కి కూడా రాలేదు. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. తిట్టుకున్నా బాగుండేది. "విడిగా ఉండటమే నయం నాన్నా, లాయర్‌తో మాట్లాడుతున్నాం" అని ఒక ఆదివారం మా అమ్మాయి కూరలు తరుగుతూ చెప్పింది. మా ఆవిడ ఆ కూర వండలేదు.

అయితే అంతకు చాలా ముందే ఇద్దరూ కలిసి స్పెయిన్‌లో కొండ మీది కోటకు పేరుపడ్డ గ్రనడా అనే పాత ఊరికి టికెట్లు కొనుక్కున్నారు. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాని టికెట్లు. సరే, స్నేహితుల్లా వెళ్లి, చూసి వచ్చి, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లు చూసుకుందామనుకున్నారట. బస చూసిపెట్టమని అమ్మాయి డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"రెండు రూములు కావాలి ఆంటీ. వేరే వేరే ఫ్లోర్లయితే ఇంకా బెటర్."

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. "రెండు రూములు, సరే. ఇంకా?"

"ట్రైన్ స్టేషన్‌కి దగ్గరగా ఉండాలి. మధ్యలో ఎవరైనా వెళ్లిపోవాలనుకుంటే ఈజీగా ఉంటుంది."

"ఊళ్లోకి అడుగు పెట్టకుండానే ఊళ్లోంచి పోయే దారి చూసుకుంటున్నావే!" అని నవ్వి, అల్లుడికి ఫోను చేసి స్పీకర్ మీద పెట్టారు.

"మీరేది బుక్ చేసినా నాకు ఓకే ఆంటీ" అన్నాడు అటునుంచి.

"ఓకే కాదయ్యా. పొద్దున్న లేవగానే నీకేం కావాలి? అది చెప్పు."

అటునుంచి తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "కాఫీ. నేనే పెట్టుకుంటాను" అన్నాడు. మళ్లీ, "తనకీ పెడతాను. ఫిల్టర్ కాఫీ పడకపోతే తనకి తలనొప్పి వచ్చేస్తుంది" అన్నాడు.

మా అమ్మాయి పటం మీదికి వంగి కందిబద్దలు సర్దింది. అవి సర్దే ఉన్నాయి.

"అయితే వంటిల్లు ఉండాలి" అని డాక్టరమ్మ గారు కాగితం మీద రాసుకున్నారు. అంతే. కాపురం గురించి ఆ రోజూ, ఆ తర్వాతా ఒక్క ముక్క మాట్లాడలేదు. "వాళ్లకు సలహా చెప్పడానికి నేనెవర్ని అన్నయ్యగారూ? బస చూడమన్నారు, బస చూస్తాను" అన్నారు నాతో.

మర్నాడు వాళ్లింటి వెనక డెక్ మీద కూర్చుని ఉండగా తాను చూసిన ఇల్లు చెప్పారు. కోటకు ఎదురుగా ఇంకో కొండ మీద పాత పేట. సందులు తప్ప కారు దారి లేదు. ఒక పెద్దావిడ ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒకటే బల్ల. టాక్సీ ఆగేచోటు నుంచి అరవై రెండు మెట్లు.

నాకు ఒళ్లు మండింది. "అరవై రెండు మెట్లా! నేను తాళాలిచ్చినవాణ్ణి, నాకు తెలుసమ్మా. సామానుతో వచ్చేవాడికి మొదట మెట్టే శత్రువు. స్టేషను పక్క హోటల్లో లిఫ్టు ఉంది కదా!"

ఆవిడ నా మాట పూర్తిగా విన్నారు. విని, "మీ సత్రానికి మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకుంటూ వస్తే ఏ గది ఇచ్చేవారు?" అని అడిగారు.

"బావి పక్క గది."

"ఎందుకని?"

"ఒకరు తోడితే ఒకరు బిందె పట్టాలి కదమ్మా. పొద్దుటికి..." అని నేను ఆగిపోయాను.

"పెద్ద సూట్‌కేసు ఒక్కరే ఎక్కించలేరు లెండి" అన్నారు ఆవిడ టీ కప్పు తీసుకుని.

కొంతసేపయ్యాక ఆ ఊరి గురించి తన మాట చెప్పారు. నాకు తెలిసి ఒక్కసారే చెప్పారు. ఎన్నో ఏళ్ల కిందట ఆవిడా భర్తా గ్రనడా వెళ్లారట. ఆయనకు కారు పార్కింగు ముఖ్యం. అందుకని ఊరి బయట, హైవే పక్కన దిగారు. బస్సులో వెళ్లి కోట చూసి, చీకటి పడకముందే బస్సులో వచ్చేశారు. ఎదుటి కొండ మీది నుంచి సాయంత్రం ఆ కోట చూడాలని ఆవిడకు ఉండేది. "వచ్చేసారి" అన్నారట ఆయన. "మేము ఆ ఊళ్లో ఉండలేదు అన్నయ్యగారూ, వెళ్లొచ్చాం అంతే" అన్నారు. 

ఆ ఇంటి పెద్దావిడతో స్పానిష్‌లో మాట్లాడటం నేను స్వయంగా విన్నాను. డాక్టరమ్మ గారికి వచ్చిన స్పానిష్ అంతా ఆసుపత్రిలో రోగుల దగ్గర నేర్చుకున్నదే. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, గట్టిగా ఊపిరి పీల్చండి, భయపడకండి. ఆ మాటలతోనే కిటికీ సంగతి, మెట్ల సంగతి, పాల సంగతి అడిగేశారు. పావుగంట అయ్యేసరికి ఆ పెద్దావిడ తన మోకాళ్ల నొప్పి చెప్పుకుంటోంది, ఈవిడ మందు చెబుతున్నారు!

ఇక నా ఘనకార్యం. మా ఆవిడ సూట్‌కేసులో బియ్యం, ఆవకాయ, రైస్ కుక్కరు సర్దింది. డాక్టరమ్మ గారు సర్దిన సామాన్ల జాబితా చూసి, "అక్కడి కరెంటు సంగతి కనుక్కున్నారా?" అన్నారు. నేను గొప్పగా, "అక్కడ మన ఊళ్లోలాగే రెండు గుండ్రటి కాళ్ల ప్లగ్గేనమ్మా, అడాప్టరు నా దగ్గరుంది" అని ఇండియా నుంచి తెచ్చుకున్నది ఇచ్చాను. కుక్కరు అమెరికాది, ప్లగ్గు ఇండియాది, కరెంటు స్పెయిన్‌ది. అమెరికా కుక్కరు ఆ కరెంటులో సగానికే తయారైందని నాకు తట్టలేదు.

వాళ్లు చేరిన సాయంత్రమే అల్లుడి దగ్గర్నుంచి ఫోను. గ్రనడాలో ఎనిమిదైనా ఇంకా వెలుతురేనట.

"మామయ్యగారూ, మీ ప్లగ్గు బ్రహ్మాండంగా పట్టిందండీ!"

"మరి! నేను చెప్పలా?"

"పట్టింది, పొగొచ్చింది, ఢామ్మంది. ఇంటికంతటికీ కరెంటు పోయింది."

వెనక మా అమ్మాయి నవ్వు వినిపించింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని! "నాన్నా, ఇంటి పెద్దావిడ వచ్చి తిట్టలేదు. పాలకూర వేసిన శనగల కూర తెచ్చి పెట్టింది. ఆవకాయ వేశాం, ఏడుస్తూ రెండోసారి అడిగింది! ముగ్గురం కిటికీ దగ్గర కూర్చున్నాం. కోట ఎర్రగా అయిపోతోంది నాన్నా..." అంటూనే ఉంది. నేను ఫోను మా ఆవిడకు ఇచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో షికాగోలో దిగి సియాటిల్ విమానం ఎక్కవలసిన మనిషి, మా అమ్మాయి సూట్‌కేసు తోసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. నాలుగు నెలలకు ఇక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. అంతా ఆ ఇంటివల్లే అని నేను అనను. మనసులు కలవాలంటే ఇంకా చాలా కావాలి, అవి వాళ్లే వెతుక్కున్నారు. కానీ స్టేషను పక్క రెండు అంతస్తుల్లో రెండు గదులు తీసుకుని ఉంటే వెతుక్కునే అవకాశమే ఉండేది కాదని నా నమ్మకం.

మర్నాడు ఇద్దరూ ఫోటో పట్టుకుని డాక్టరమ్మ గారింటికి వెళ్లారు. ఆవిడ కళ్లద్దాలు మార్చుకుని చాలాసేపు చూశారు. "కోటకి ఎడమ పక్క మంచు కొండలు కనిపిస్తాయని నాకు తెలియదే" అన్నారు.

"మెట్లు అరవై నాలుగు ఆంటీ, అరవై రెండు కాదు" అన్నాడు అల్లుడు.

"ఆ ఇంటి పెద్దావిడ రెండు తగ్గించి చెప్పింది. నేనూ ఆపరేషనుకు ముందు అలాగే చెప్పేదాన్ని" అన్నారు. "మత్తు ఎవరైనా ఇస్తారయ్యా, మేలుకునేదాకా పక్కన కూర్చోవడమే పని" అని ఆవిడ తరచు అనేవారు. ఆ మాట ఆసుపత్రి గురించే అనుకునేవాణ్ణి.

డాక్టరమ్మ గారిని సాగనంపే రోజున మా అమ్మాయికి నెలలు నిండి ఉన్నాయి. కడుపుతో ఉన్న పిల్ల శవాన్ని చూడకూడదని మా ఆవిడ పట్టుబట్టింది. అల్లుడూ మా ఆవిడా లోపలికి వెళ్లారు. నేను అమ్మాయితో కార్లో కూర్చున్నాను. అద్దాలకు మంచు పడుతోంది. 

"నాన్నా, పేరు ఆంటీ పెడతానన్నారు."

"తెలుసమ్మా."

"ఒక్కసారి చూసి వచ్చేస్తాను."

ఆచారం నాకూ తెలుసు, భయం నాకూ ఉంది. అయినా దిగి తలుపు తీశాను. చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకువెళ్లాను. అక్కడి నుంచే చూసింది. లోపల ఉన్న మా ఆవిడ వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది.  పక్కకు జరిగి అమ్మాయికి కనిపించేలా చోటిచ్చింది.

ఇదీ డాక్టరమ్మ గారి సంగతి. రాయడం నాకు ఇంతే వచ్చు. ఆవిడకు నేను ఏనాడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోతే "మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని మాట మార్చేసేవారు.

ఇక ఫోన్లు చెయ్యాలి. రాజమండ్రిలో మా పెద్దక్కకు చెప్పాలి, ముందు పిల్ల సంగతి, తర్వాత రెండోది. కాకినాడలో మా తమ్ముడికి, కబురు ఆలస్యమైతే వాడు అలుగుతాడు. వియ్యపురాలికి అల్లుడు చెప్పేశాడు, అయినా నేనూ చెప్పాలి, పద్ధతి. మా ఆవిడ మేనమామకు. ఫ్రీమాంట్‌లో మా అన్నగారి అబ్బాయికి, ఆఫీసు నుంచి రైల్లో వచ్చే వేళ చూసి. చివరగా బాపట్లలో డాక్టరమ్మ గారి అన్నగారికి. చెల్లెలు పోయిన కబురు ఆయనకు తెలుసు, మా ఇంట్లో పిల్ల పుట్టిన కబురు తెలియదు. మీ చెల్లెలు చూసిపెట్టిన బసలో నిలబడిన కాపురమండీ అని చెప్పాలి, మెల్లగా, రెండుసార్లు. ఆయనకు తొంభై దాటాయి. ఫోను చెవికి ఆనించుకోరట. రెండు చేతుల్తో మొహానికి ఎదురుగా పట్టుకుని, అందులో మాట్లాడే మనిషి ఎక్కడో కనిపిస్తుందన్నట్టు, దానికేసే చూస్తూ వింటారట.