రోడ్డు మీద వదిలేసిన రాయి

శ్రీకాకుళం నుంచి సముద్రం దాకా పోయే రోడ్డు మా గుమ్మం ముందు నుంచే వెళ్తుంది. దాన్ని వెడల్పు చేసి కొత్త తారు వేసినప్పుడు మా ఊరు సంబరపడింది ప్రయాణాల గురించి కాదు, కళ్లం గురించి. ఉలవ మొక్కలు పీకి దాని మీద పరిస్తే చాలు, వచ్చే పోయే లారీలే నూర్చిపెడతాయి. గింజలు కుప్ప చేశాక ఏ బండీ ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పెడతాం. పెట్టడం, తీయడం నా పని. బస్సు డ్రైవర్లు తిట్టేవాళ్లు. నేనూ తిరిగి తిట్టేదాన్ని. నోరు నాకు తక్కువేం కాదు.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. "ఒసే, గింజ తడిసిపోతాది, బేగి రా!" అని మా అత్త కేకేసింది. ఇద్దరం గోనెలకెత్తి, పడుతూ లేస్తూ ఇంట్లోకి మోశాం. చివరి గోనె గుమ్మం దాటిందో లేదో వాన దంచేసింది. ఒక్క గింజ కూడా తడవలేదని మురిసిపోతూ టీ తాగాను. రాళ్ల సంగతే గుర్తు లేదు.

మర్నాడు తెల్లవారి వాకిలి ఊడుస్తుంటే గుర్తొచ్చింది. రోడ్డు మీద మంచు. పక్కకి దొర్లిన రాళ్లు కనిపిస్తున్నాయి. ఒకటి మాత్రం నడిమధ్యన ఉంది. చీపురు పడేసి పరుగెత్తాను. అప్పుడే సముద్రం వైపు నుంచి మోపెడ్ వస్తోంది. ముందు మొగుడు, మధ్యలో చేపల పెట్టె, వెనక పెళ్లాం. "ఆగండి!" అని అరిచాను. ఆయన బ్రేకు వేస్తూ రాయి వైపు కాకుండా నా వైపు చూశాడు.

ఆమె తల తారుకి కొట్టుకున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

మొగుడు చేపల మధ్య కూలబడి, "ఓలమ్మో, కళ్లు తెరవనేదు!" అని ఏడుస్తున్నాడు. మా అత్త వచ్చింది. రాయిని చూసింది, నన్ను చూసింది. కాలితో ఆ రాయిని తుప్పల్లోకి నెట్టేసి, "నిలబడిపోనావేటే? నీళ్లు తే," అంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆమె తల నా ఒళ్లోనే ఉంది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. ఆమె బతకాలని కనిపించని దేవుళ్లందరికీ మొక్కాను. ఆమె కోసమా, నా కోసమా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అడక్కండి. గుమ్మం ముందు ఏ బండి ఆగినా పోలీసులే అనుకుని పెరట్లోకి పోయేదాన్ని. ఆ ఉలవలతో మా అత్త చారు కాస్తే కంచం పక్కకి నెట్టేసేదాన్ని. "ఎవులూ సూడనేదు. నోరు మూసుకో," అనేది అత్త. రోడ్డు మీద కళ్లం వేయడం మాత్రం ఆవిడే మానిపించింది.

నెల దాటాక ఆమె వచ్చింది. నుదుటి మీద కుట్ల గీత, చంకలో చేపల బుట్ట. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కేకెయ్యబట్టి మా ఆయన బ్రేకేసినాడప్పా. నేకపోతే నానీపాటికి బూడిదే," అంది.

ఆ రోజే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఇప్పుడామె వారానికోసారి వస్తుంది. తూకమయ్యాక, వద్దన్నా వినకుండా నాలుగు కానగంత చేపలు ఎక్కువేస్తుంది. అరుగు మీద కూర్చుని నుదురు తడుముకుంటుంది. తల తిరగడం ఇంకా తగ్గలేదట. లేచి వెళ్లే ముందు ప్రతిసారీ ఒకటే మాట.

"ఆ రాయెట్టినోల సెయ్యి పడిపోను!"

"అవునప్పా, పడిపోను," అంటాను నేను, రెండు చేతులా చేపలు అందుకుంటూ.