ఊరికే వచ్చిన హీటరు

తాండూరు ఎండల్లో తిరిగే కారుకు హీటరు ఊరికే సంపాదించిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. డెబ్భైల చివర్లో హైదరాబాదులో ఒక పాత కారు బేరం చేశాను. అమ్మే పెద్దమనిషి హీటరు విప్పుకుని విడిగా అమ్ముకుంటానన్నాడు. కిరాణా గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, వదులుతానా? కారు కొన్నాక కారులో ఉన్నదంతా నాదేనని గంటసేపు పట్టుబట్టాను. ఆయన ఏడుపు మొహం పెట్టి ఒప్పుకున్నాడు. ఆ దొంగ ఏడుపు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తను వదిలించుకోవాలనుకున్నదాన్ని నాచేత బతిమాలించి అంటగట్టాడు.

కారు కొన్నది అమ్మ కోసం. ఆమెకు షుగరు. పాదాలు మొద్దుబారిపోయి ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు. నెలకు రెండుసార్లు వికారాబాదు డాక్టరుకు చూపించాలి. ఈ కాళ్ళకు చిన్న పుండు పడ్డా మానదు, కనిపెట్టుకుని ఉండమని ఆయన నాకు గట్టిగా చెప్పాడు. బస్సులో ఎవరైనా తొక్కుతారేమోనని భయపడి కారు తెచ్చాను.

మొదటి ప్రయాణంలోనే లోపల పొయ్యి ముందు కూర్చున్నట్టయింది. అద్దాలన్నీ దించాను, హీటరు మీట మూసే ఉంది, అయినా మోకాళ్ళ దగ్గర సెగ. ఇంజను వేడి లోపలికి వస్తోందనుకుని అడుగు రేకులో కనిపించిన కంతలన్నీ నేనే మూశాను. సెగ తగ్గలేదు. తాండూరులో మా దుకాణం వెనక షెడ్డు పెట్టుకున్న మెకానిక్కును పిలిచాను. అతను ఇంజను నడిపించి, బానెట్టు ఎత్తి, లోపలికి పోయే రెండు నీళ్ళ గొట్టాలనూ తాకి చెయ్యి విదిలించుకున్నాడు.

"సేట్, మీట మూసినా లోపలి నల్లా మూసుకుంటలేదు, బిగుసుకపోయింది. ఇంజన్ల మరిగిన నీళ్ళు సక్కగ హీటరు పెట్టెలకే పోతున్నయి."

"నల్లా మార్చు భాయ్."

"గింత పాత బండికి యాడ దొర్కుతది? రెండు గొట్టాలు కలిపి కట్టేస్త. నీళ్ళు అటు పోనే పోవు. పద్దెనిమిది రూపాయలియ్యి."

"మరి హీటరు?"

"తాండూర్ల హీటరుతోని ఏం జేస్తవ్ సేట్? పాపడాలు కాలుస్తవా?"

"రేపు అమ్మేటప్పుడు నడుస్తదని చూపియ్యాలె గద."

"గప్పుడు మల్ల విప్పుత."

"కట్టినందుకో కూలి, విప్పినందుకో కూలా? నేన్నీకు ఎట్ల కనిపిస్తున్న?"

"గది చెప్తే బేరం పోతది సేట్."

చివరికి నాలుగు రూపాయలకు తెగింది. గొట్టాల జోలికి పోకుండా, సెగ వచ్చే మూతిలో గోనెసంచి కుక్కాడు. మరిగే నీళ్ళు అలాగే పోతున్నాయి, హీటరు మాత్రం భద్రంగా ఉంది.

కారుకు పూజ చేసిన రోజు నుంచీ అమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకునే ఎక్కేది. లక్ష్మిని చెప్పులతో తొక్కకూడదట. కారులో కింద పరిచిన చాప మాయదు, అమ్మేటప్పుడు కొత్తగా ఉంటుందని నేనూ ఊరుకున్నాను. ముందు సీట్లో కూర్చుని, వట్టి కుడిపాదాన్ని హీటరు రేకుపెట్టెకు ఆనించేది.

"ఉడుకు తగ్గిందా అమ్మా?"

"నాకేం తెలుస్తలే కొడుకా. నువ్వే ఊకె ఉడుకు ఉడుకంటవు."

సంచి పనిచేసిందని మురిసిపోయాను. ఊరంతా వదిలేసి, పాదాలకు స్పర్శే లేని మనిషిని అడిగి తేల్చుకున్నాను.

వికారాబాదులో డాక్టరు పాదం ఎత్తేసరికి బొటనవేలి పక్క తోలు ఊడి వచ్చింది.

"ఎక్కడ కాలిందమ్మా?"

"యాడ కాలలే సారు. కార్లనే గద వచ్చిన."

ఆయన బయటికి వచ్చి, కారులోకి వంగి, ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"ఒక్కసారన్న చెయ్యి వెట్టి చూసినవా?"

చూడలేదు. ఆ కారు సీట్లు, టైర్లు, రంగు, అన్నీ తడిమి ధర కట్టినవాణ్ణి, అమ్మ పాదం ఆనే చోట మాత్రం వేలు కూడా పెట్టలేదు. పుండు మానలేదు, నలుపెక్కింది. వేళ్ళు తీసేశారు. మంచం మీద నుంచే అమ్మ, "పోనీ తీ, బస్సుల ఎవరన్న తొక్కినా గిట్లనే అయితుండె" అంది. నన్ను ఓదారుస్తోందని తెలిసి ఆమె మీదే అరిచాను. వార్డంతా నావైపు చూసింది.

తాండూరు చేరగానే మెకానిక్కు చేతిలో పద్దెనిమిది రూపాయలు పెట్టాను. గొట్టాలు కలిపి కట్టడానికి అతనికి అరగంట కూడా పట్టలేదు. అమ్మ నడక నేర్చుకున్నాక కారు అమ్మేశాను. కొన్నవాడు హీటరు చూసి, "గిదెందుకన్నా, జాగ దండుగ" అన్నాడు. నేను బేరమాడలేదు.

లెక్క ఇది. గోనెసంచికి నాలుగు. గొట్టాలకు పద్దెనిమిది. ఆసుపత్రికి, మందులకు, కట్లకు ఆరువందల నలభై రెండు. హీటరు మీద వచ్చింది ఏమీ లేదు. అమ్మ కుడికాలి బొటనవేలు, దాని పక్కవేలు.